పాత తెరచాప పడవ: కొనే ధరకీ పోషించే ఖర్చుకీ పొంతన ఎందుకు ఉండదు?

అమెరికా తూర్పు తీరంలో చలి తగ్గి ఏప్రిల్ వచ్చిందంటే పాత పడవల ప్రకటనలు మొదలవుతాయి. 1978 నాటి 27 అడుగుల తెరచాప పడవ క్యాటలినా 27, ఐదుగురు పడుకోవచ్చు, స్టవ్ ఉంది, టాయిలెట్ ఉంది, 4,000 డాలర్లు. దాని కిందే అదే మోడల్, అదే కాలం నాటిది, 14,000. ఇంకాస్త కిందికి వెళ్తే అలాంటిదే మరొకటి. ధర ఉండాల్సిన చోట ‘ఉచితం’ అని ఉంటుంది, వచ్చి తీసుకెళ్తే చాలట.

పడవల మీద కాపురం పెట్టిన జంటల యూట్యూబ్ వీడియోలు చూసి ఈ ప్రకటనల దాకా వచ్చినవాళ్ళకి ఇక్కడే తికమక మొదలవుతుంది. సెకండ్ హ్యాండ్ కారు కన్నా చౌకగా వంటగదితో సహా పడవ దొరుకుతుంటే అందరూ ఎందుకు కొనడం లేదు? నాలుగు వేల పడవకీ పద్నాలుగు వేల పడవకీ తేడా ఎక్కడుంది? ఊరికే ఇచ్చేసేవాడికి ఏం అవసరం వచ్చింది?

ఈ ప్రశ్నలు తేల్చుకోవడానికి మేరీల్యాండ్, వర్జీనియాల మధ్య ఉన్న చెసపీక్ బే అనే అఖాతాన్ని, అక్కడ విరివిగా కనిపించే క్యాటలినా 27ని ఉదాహరణగా తీసుకుందాం. బే ఒడ్డున ఉన్న అనాపొలిస్ ఆ దేశంలో తెరచాప పడవలకి పేరున్న ఊరు, ఏటా అక్టోబర్‌లో పెద్ద సెయిల్‌బోట్ షో జరిగేది అక్కడే. ఉత్తర వర్జీనియాలో, మేరీల్యాండ్ శివార్లలో ఉంటున్న మనవాళ్ళకి ట్రాఫిక్ దయ తలిస్తే గంట, గంటన్నర ప్రయాణం. కింద వచ్చే ఖర్చుల అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. మరీనాని (పడవలు నిలిపే రేవు) బట్టి, పడవని బట్టి మారతాయి.

## క్రూజింగ్ పడవ అంటే ఏది?

క్రూజింగ్ అనగానే వేల మంది ఎక్కే క్రూజ్ షిప్ గుర్తొస్తుంది. పడవల వాళ్ళు ఆ మాట వాడేది సొంత పడవలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తీరిగ్గా వెళ్ళడానికి. రాత్రికి ఏ వాగు మలుపులోనో లంగరు వేసి, అందులోనే వండుకు తిని పడుకుంటారు. కాబట్టి పడకలు, చిన్న వంటగది, టాయిలెట్, నీళ్ళ ట్యాంకు, గాలి లేనప్పుడు నడవడానికి ఒక ఇంజన్ ఉంటాయి. హుస్సేన్ సాగర్‌లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పిల్లలు నడిపే డింగీలనే చిన్న పడవలకి ఇవేవీ ఉండవు. డింగీని నిలబెట్టేది అందులో కూర్చున్న మనిషి బరువే, బోల్తా పడితే లేపుకుని మళ్ళీ ఎక్కుతారు.

క్రూజింగ్ పడవని నిలబెట్టేది కీల్. పడవ పొట్ట కింద రెక్కలా దిగి ఉండే బరువైన భాగం అది. క్యాటలినా 27 మొత్తం బరువు సుమారు 6,850 పౌండ్లు, అందులో 2,700 పౌండ్లు, అంటే దాదాపు 39 శాతం, కీల్‌లోనే ఉంటుంది. గాలి ఒక పక్కకి వంచినప్పుడు ఈ బరువే పడవని తిరిగి నిలబెడుతుంది. పడవ పక్కకి కొట్టుకుపోకుండా ఆపేదీ ఇదే.

దీనికి బదులుగా లోతు కావాలి. ఈ పడవకి నీటి మట్టం కింద సుమారు 4 అడుగులు ఉంటుంది, ఇంకొన్ని మోడళ్ళకి 6 అడుగులు. చెసపీక్ బే 200 మైళ్ళ పొడవున్నా సగటు లోతు 21 అడుగులే. ఆరడుగుల మనిషి మునగకుండా నడిచిపోగలిగిన భాగం 7 లక్షల ఎకరాల పైమాటే. అడుగున ఎక్కువగా బురదే కాబట్టి తగిలినా పడవ పగలడం అరుదు. కానీ బురదలో ఇరుక్కుంటే, పోటు వస్తే అదే లేస్తుందిలే అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే అనాపొలిస్ దగ్గర పోటుకీ పాటుకీ మధ్య నీళ్ళు లేచేది సుమారు అడుగు మాత్రమే. అందుకే ఇక్కడ ‘కీల్ ఎంత లోతు’ అన్నది ప్రకటనలో మొదట చూసే అంకెల్లో ఒకటి.

## ఎంత దూరం, ఎంత వేగం

ఇలాంటి పడవ వేగానికి హద్దు గీసేది దాని పొడవు. ఇంజన్ శక్తి పెంచినా పెద్దగా లాభం లేదు. పడవ కదిలేటప్పుడు ముందొక అల, వెనకొక అల లేస్తాయి, ఒక స్థాయి దాటాక పడవ ఆ రెండింటి మధ్య పల్లంలో చిక్కుకుపోతుంది. నీటిని తాకే భాగం పొడవుని అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో హెచ్చవేస్తే సుమారుగా ఆ హద్దు తేలుతుంది. క్యాటలినా 27కి ఆ పొడవు 21.75 అడుగులు. వర్గమూలం 4.66, హెచ్చవేస్తే 6.25 నాట్లు. ఒక నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు. అంటే ఈ పడవ మహా అయితే గంటకి 11.6 కిలోమీటర్లు పోతుంది.

ఒక వారాంతం లెక్క చూద్దాం. అనాపొలిస్ నుంచి అవతలి ఒడ్డున ఉన్న సెయింట్ మైకేల్స్‌కి నీటి దారిన సుమారు 25 నాటికల్ మైళ్ళు. గాలి అనుకూలించి సగటున 5 నాట్లు వస్తే 5 గంటలు. గాలి ఎదురైతే కథ మారుతుంది. తెరచాప పడవ గాలికి నేరుగా ఎదురెళ్ళలేదు, దాదాపు 45 డిగ్రీల కోణంలో ఒకసారి ఇటు, ఒకసారి అటు మలుపులు తిరుగుతూ పోవాలి. దారంతా ఎదురు గాలే అయితే 25 మైళ్ళు కాస్తా 35 అవుతాయి, వేగం 4.5కి పడితే దాదాపు 8 గంటలు. జూలై, ఆగస్టు నెలల్లో అసలు గాలే సరిగా ఉండదు, ఉన్నట్టుండి సాయంత్రం ఉరుములతో గాలివాన విరుచుకుపడుతుంది. అదే ఊరికి కారులో బే బ్రిడ్జి మీదుగా వెళ్తే ట్రాఫిక్ తక్కువున్న రోజున గంట పైచిలుకు.

ఆదివారం రాత్రికి ఇంట్లో ఉండాల్సిన కుటుంబం చాలాసార్లు తెరచాప దించేసి ఇంజన్ మీదే తిరిగొస్తుంది. పడవ కొనేముందు ఇంజన్‌కి ఇవ్వాల్సినంత ప్రాధాన్యం చాలామంది ఇవ్వరు, వీడియోల్లో తెరచాపలే అందంగా కనిపిస్తాయి కదా.

మరి ఇందులో సముద్రం దాటొచ్చా? దీని మీద రెండు వాదనలున్నాయి. పడవ కన్నా నడిపే మనిషి ముఖ్యం అనేవాళ్ళు రాబిన్ లీ గ్రాహంని చూపిస్తారు. ఆయన 1965లో 16 ఏళ్ళ వయసులో 24 అడుగుల పడవలో కాలిఫోర్నియా నుంచి బయల్దేరి 1970కి ప్రపంచం చుట్టి వచ్చాడు. అయితే చివరి భాగం పూర్తి చేసింది 33 అడుగుల పడవలో. రెండో పక్షం డిజైన్ గురించి మాట్లాడుతుంది. ప్రపంచాన్ని ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేసులో 32 నుంచి 36 అడుగుల పాత డిజైన్లనే అనుమతిస్తారు, వాటికి కీల్ పడవ పొడవునా ఉండి, చుక్కాని దాని వెనక అంచుకే అతుక్కుని ఉండాలి. 2022లో మొదలైన ఆ రేసులో రెండో స్థానంలో నిలిచిన మన అభిలాష్ టోమీ నడిపింది రస్ట్‌లర్ 36. విశాఖకి చెందిన స్వాతి, హైదరాబాద్‌కి చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉన్న మన నౌకాదళ మహిళా బృందం 2017-18లో ప్రపంచం చుట్టిన తారిణి అయితే 55 అడుగుల పైనే. క్యాటలినా 27 వాటి కోవలోది కాదు. తీరం వెంబడి, బేల్లో తిరగడానికి గీసిన డిజైన్ అది, ఆ పని బాగా చేస్తుంది.

## ధర ఎందుకింత తక్కువ?

చెక్క పడవ నిర్లక్ష్యం చేస్తే కుళ్ళిపోతుంది, మార్కెట్ నుంచి దానంతటదే తప్పుకుంటుంది. ఫైబర్‌గ్లాస్ కుళ్ళదు. క్యాటలినా 27ని 1971 నుంచి ఇరవై ఏళ్ళ పాటు తయారు చేశారు, ఆరు వేలకు పైగా అమ్ముడయ్యాయి. ఆ కాలంలో ఇలాంటి మోడళ్ళు ఇంకా చాలా వచ్చాయి. వాటి పొట్టలు నేటికీ గట్టిగానే ఉన్నాయి. అప్పట్లో కొన్నవాళ్ళకి వయసు మీద పడింది, పిల్లలకి ఆసక్తి లేదు, మరీనా బిల్లు మాత్రం ఆగకుండా వస్తూనే ఉంటుంది.

ఇక్కడే ‘ఉచితం’ గుట్టు ఉంది. పనికిరాని పడవని వదిలించుకోవడానికి కూడా డబ్బు కావాలి. నీళ్ళలోంచి తీయించాలి, సీసం కీల్ విడదీయాలి, మిగతాది ముక్కలు చేయించి చెత్త డంపుకి పంపాలి. దానికి వేలల్లో అవుతుంది. ఊరికే ఇచ్చేవాడు ఆ బిల్లుని కూడా మీకే ఇస్తున్నాడు. ఎవరూ తీసుకోకపోతే కొన్ని పడవలు వాగుల్లో అనాథలుగా తేలుతాయి, వాటిని తీయించడానికి మేరీల్యాండ్ ప్రభుత్వం విడిగా నిధులు కేటాయించాల్సి వస్తోంది.

పొట్ట యాభై ఏళ్ళు ఉంటుంది కానీ దాని మీద, లోపల ఉన్నవేవీ అంతకాలం ఉండవు. తెరచాప బట్ట ఎండకి చీకిపోతుంది. తెరచాప కట్టే స్తంభాన్ని (మాస్ట్‌ని) పట్టి ఉంచే స్టీలు తీగలకి, ఉప్పునీళ్ళలో పది పదిహేనేళ్ళు దాటాక నమ్మకం తగ్గుతుంది. ఇంజన్, వైరింగ్, గొట్టాలు, పంపులు, పరుపులు, దేని ఆయుష్షు దానిదే. పాత పడవ ధర అంటే పొట్ట ధర కాదు, ఈ భాగాలన్నింటిలో మిగిలిన ఆయుష్షు ధర.

నాలుగు వేల పడవ లెక్క ఇలా వేసి చూడండి. తెరచాపలు మార్చడానికి 4,500, స్టీలు తీగలకి 3,500, కొత్త అవుట్‌బోర్డ్ ఇంజన్‌కి 3,800, వైరింగ్, పరుపులు, పడవ అడుగు భాగం పని కలిపి 2,000. మొత్తం 13,800. కొన్న నాలుగు వేలు కలిపితే 17,800. పక్కనున్న 14,000 పడవలో ఇవన్నీ పాత యజమాని ఈ మధ్యే చేయించి ఉంటే, అతను పెట్టిన డబ్బులో కొంత అతనే నష్టపోయి మీకు అమ్ముతున్నట్టు. ఇంకో మాట, 17,800 పెట్టి బాగు చేసిన పడవని రేపు అమ్మబోతే 17,800 రావు. అది కూడా 14,000 పడవల సరసన నిలబడాల్సిందే.

అలాగని చౌక పడవ ఎప్పుడూ తప్పుడు బేరమని తేల్చలేం. పని చేతికి వచ్చినవాళ్ళకి, ఆ పనే ఇష్టమైనవాళ్ళకి లెక్క వేరు, ఎందుకంటే పైన చెప్పిన బిల్లుల్లో కొంత భాగం కూలి. ఖర్చు రెండు మూడేళ్ళ మీద పరుచుకుంటుంది, ప్రతి బోల్టూ వాళ్ళకి తెలిసి ఉంటుంది. అవతలి పక్షం చెప్పేదీ నిజమే. మొదటిసారి కొనేవాడికి ఏ పని ఎంత పెద్దదో తెలియదు, రెండు వేసవులు రంధ్రాలు పూడుస్తూ గడిచిపోయి ఒక్కసారి కూడా తెరచాప ఎత్తకుండానే అమ్మేసుకునేవాళ్ళు తక్కువేం కాదు. చిన్నపిల్లలున్న ఇంట్లో, శనివారం ఒక్కటే చేతిలో ఉన్న ఉద్యోగికి రెండో వాదనే బరువుగా అనిపిస్తుంది నాకు.

## సర్వేయర్ ఏం చూస్తాడు?

పడవ పరిస్థితిని పరిశీలించి రిపోర్టు ఇచ్చే నిపుణుణ్ణి మెరైన్ సర్వేయర్ అంటారు. ఫీజు సాధారణంగా పడవ పొడవుని బట్టి, అడుగుకి ఇంత అని ఉంటుంది. నీళ్ళలోంచి పైకి తీయించే ఖర్చు కొనేవాడిదే. బేరం కుదిరాక, అడ్వాన్స్ ఇచ్చాక, సర్వే నచ్చకపోతే వెనక్కి తగ్గే షరతు మీద ఇది జరుగుతుంది. నాలుగు వేల పడవకి వెయ్యి దాకా పెట్టి సర్వే ఏమిటని చాలామంది మానేస్తారు. సర్వే ఖర్చు పడవ ధరలో ఎంత శాతం అన్నది ఇక్కడ పొరపాటు కొలత. అది ఆపగలిగే బిల్లుతో పోల్చాలి, ఆ బిల్లు చౌక పడవకే పెద్దది.

సర్వేయర్ ముందు డెక్ మీద చిన్న సుత్తితో తడుతూ పోతాడు, పుచ్చకాయ కొనేటప్పుడు వేలితో తట్టి చూసినట్టే. డెక్ అంటే రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ప్లైవుడ్ లేదా బాల్సా చెక్క. బిగించిన ప్రతి బోల్టూ ఒక రంధ్రం. సీలు పాతబడితే వాననీరు అందులోంచి చెక్కలోకి దిగుతుంది. గట్టి డెక్ కణకణలాడుతుంది, లోపల కుళ్ళితే శబ్దం చచ్చిపోతుంది. కుళ్ళు అరచేయి అంత ఉంటే ఒక శనివారం పని. డెక్ సగం పాకి ఉంటే మాత్రం ఆ పడవకి పెట్టే డబ్బు ఎప్పటికీ తిరిగి రాదు.

కీల్‌కీ పొట్టకీ మధ్య అతుకు తర్వాతి మజిలీ. క్యాటలినాల్లో ఆ అతుకు ముందు భాగంలో అడ్డంగా ఒక పగులు తరచుగా కనిపిస్తుంది, పెదవులు విచ్చుకున్నట్టు ఉంటుందని దాన్ని క్యాటలినా స్మైల్ అంటారు. కొందరు యజమానులకి ఇది పైపూత సమస్య, శుభ్రం చేసి, బోల్టులు బిగించి, పూడ్చేస్తే సరి. సర్వేయర్లు ఊరుకోరు. పగుల్లోంచి నీళ్ళు లోపలికి వెళ్ళి బోల్టులు తుప్పు పట్టాయా, బోల్టులు బిగించిన చోట ఉన్న ప్లైవుడ్ కుళ్ళిందా అని అడుగుతారు. రెండూ ఒకే పగులు గురించే, రెండూ నిజం కావచ్చు. పడవ అడుగున, బోల్టుల తలల దగ్గర తుప్పు, తడి ఎలా ఉన్నాయో చూస్తేనే ఏది నిజమో తేలుతుంది.

పొట్ట మీద కనిపించే బొబ్బల విషయంలోనూ ఇలాంటి వాదనే ఉంది. రెసిన్‌లోకి నీళ్ళు ఇంకి చర్మం మీద పొక్కుల్లా లేస్తాయి. చూస్తే భయమేస్తుంది, కానీ చెదురుమదురుగా ఉన్నవాటి వల్ల పడవ మునిగిన సందర్భాలు అరుదు. ధర తగ్గించడానికి వాడుకునే సాకుగా అవి ఎక్కువ పనికొస్తాయేమో.

ఇంజన్ దగ్గర ఒక ప్రత్యేక ప్రశ్న ఉంది, పెట్రోలా డీజిలా అని. 1970ల పడవల్లో చాలావాటికి యూనివర్సల్ కంపెనీ అటామిక్ 4 అనే పెట్రోల్ ఇంజన్ ఉండేది. మెత్తగా నడుస్తుంది, భాగాలు నేటికీ దొరుకుతాయి, అభిమానులు ఉన్నారు. చిక్కల్లా పెట్రోల్ ఆవిరితోనే. అది గాలి కన్నా బరువు కాబట్టి లీకైతే పైకి పోదు, పడవ అడుగున బిల్జ్‌లో పేరుకుంటుంది. ఒక నిప్పురవ్వ చాలు. అందుకే స్టార్ట్ చేసే ముందు కొన్ని నిమిషాలు బ్లోయర్ వేసి ఆ గాలిని బయటికి తోలడం వాళ్ళకి అలవాటు. డీజిల్‌కి ఆ భయం తక్కువ, కొనేటప్పుడు ధర ఎక్కువ. మూడో దారి వెనక తగిలించే అవుట్‌బోర్డ్. చెడిపోతే విప్పి కారులో వేసుకుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళొచ్చు, కానీ పెద్ద అలల్లో పడవ వెనకభాగం లేచినప్పుడల్లా దాని ప్రొపెల్లర్ గాలిలో తిరుగుతుంది.

టాయిలెట్ గురించి ఎవరూ అడగరు, అడగాలి. అమెరికాలో తీరం నుంచి 3 నాటికల్ మైళ్ళ లోపు శుద్ధి చేయని మురుగు వదలడం నేరం. చెసపీక్ అంతా ఆ పరిధిలోకే వస్తుంది. కాబట్టి పడవలో మురుగు ట్యాంకు ఉండాలి, మరీనాలో పంపుతో తోడించుకోవాలి. పాత ట్యాంకు, పాత గొట్టాల వాసన కేబిన్‌లో పట్టేస్తే ఇంట్లోవాళ్ళు రెండోసారి రారు. ఇది సర్వే రిపోర్టులో ఒక లైను కూడా దాటదు.

## ఏటా ఎంత?

పడవల వాళ్ళు తరచూ చెప్పే మాట, ఏడాది ఖర్చు పడవ ధరలో పదో వంతు అని. దీన్ని నాలుగు వేల పడవకి వర్తింపజేస్తే ఏడాదికి 400 వస్తుంది, అది రెండు నెలల మరీనా అద్దెకే చాలదు. ఆ సూత్రం కొంతైనా పనిచేసేది కొత్త పడవల ధరతో. మరీనాకి మీరు ఎంతకి కొన్నారో అనవసరం, ఎన్ని అడుగుల చోటు ఆక్రమిస్తారన్నదే లెక్క.

ఒక 27 అడుగుల పడవకి ఉజ్జాయింపు ఇలా వేసుకుందాం. మరీనాలో చోటు, దాన్నే స్లిప్ అంటారు, 3,000. ఇన్సూరెన్స్ 400. చలికాలం ముందు పైకి తీసి, కడిగి, ఒడ్డున నిలబెట్టి, వసంతంలో దించడానికి 900. నత్తలు, నాచు పట్టకుండా పడవ అడుగు భాగానికి వేసే రంగు, లోహ భాగాలు తినేయకుండా కట్టే యానోడ్లు 500. ఇంజన్ సర్వీసు, గొట్టాల్లో నీరు గడ్డకట్టకుండా యాంటీఫ్రీజ్ 300. రిజిస్ట్రేషన్, చిల్లర 200. ఏదో ఒకటి విరుగుతుంది కాబట్టి దాని కోసం పక్కన పెట్టే 1,500. మొత్తం 6,800. కొన్న ధర కన్నా ఏడాది ఖర్చే ఎక్కువ.

ఏడాదికి 25 రోజులు నీళ్ళ మీదకి వెళ్తే రోజుకి 272 డాలర్లు పడింది. పది రోజులే వెళ్తే 680. ఏప్రిల్ నుంచి అక్టోబర్ చివరి దాకా సీజన్, అందులో వేసవి గాలి లేని వారాలు, పెళ్ళిళ్ళు, ఇండియా ప్రయాణాలు తీసేస్తే 25 రోజులు తేలిక కాదు. ఇంటి నుంచి మరీనా ఎంత దూరమన్నది ఇక్కడ పనిచేస్తుంది. ఇరవై నిమిషాల్లో ఉంటే బుధవారం సాయంత్రం కూడా వెళ్ళొచ్చు, గంటన్నర దూరమైతే శనివారమే దిక్కు.

పొడవు పెరిగే కొద్దీ ఈ అంకెలన్నీ అదే దామాషాలో పెరగవు. అదే కంపెనీ క్యాటలినా 30 ప్రకటనలో మూడడుగులే ఎక్కువ. కానీ దాని బరువు సుమారు 10,200 పౌండ్లు, అంటే 27 కన్నా దాదాపు సగం ఎక్కువ. తెరచాప వైశాల్యం 340 చదరపు అడుగుల నుంచి 446కి పోతుంది. పొడవుతో పాటు వెడల్పు, లోతు కూడా పెరగడమే కారణం. తాడు మందం, లంగరు బరువు, ఇంజన్ సైజు, రంగు డబ్బాల సంఖ్య అన్నీ దాని వెంటే. నిలబడి తిరగడానికి, పిల్లల్ని పడుకోబెట్టడానికి ఆ మూడడుగులు నిజంగా పెద్ద తేడా, అందుకే ఈ రెండు సైజుల మధ్య ఊగిసలాడేవాళ్ళు అంతమంది.

## ఇన్సూరెన్స్, కాగితాలు, పౌరసత్వం

ఇన్సూరెన్స్‌లో రెండు వేర్వేరు విషయాలున్నాయి. పడవ పోతే మీకొచ్చే డబ్బు ఒకటి, మీ పడవ వల్ల ఇతరులకి జరిగే నష్టం రెండోది. నాలుగు వేల పడవకి మొదటిది లేకపోయినా బతకొచ్చు. రెండోది లేకపోతే చాలా మరీనాలు లోపలికే రానివ్వవు. పాలసీలో మునిగిన పడవని బయటికి తీసే ఖర్చు, చమురు కారితే శుభ్రం చేసే ఖర్చు ఉన్నాయా అన్నది అసలు ప్రశ్న, ఎందుకంటే ఆ బిల్లు పడవ ధరకి ఎన్నో రెట్లు కావచ్చు. పాత పడవలకి కంపెనీలు సర్వే రిపోర్టు అడుగుతాయి. పేరు పెట్టిన తుఫానులకి విడి షరతులుంటాయి. 2003 సెప్టెంబర్‌లో ఇసబెల్ వచ్చినప్పుడు అనాపొలిస్ వీధుల్లోకి నీళ్ళు ఎక్కాయి, కాబట్టి బే లోపల ఉన్నాం కదా అన్న ధీమా అంతగా నిలబడదు.

యాజమాన్య పత్రం రెండు రకాలు. రాష్ట్రం ఇచ్చే టైటిల్, రిజిస్ట్రేషన్ ఒకటి. కోస్ట్ గార్డ్ దగ్గర చేసే డాక్యుమెంటేషన్ ఇంకొకటి, అది 5 నెట్ టన్నులు, అంతకు పైబడిన పడవలకి. ఇక్కడ టన్ను అంటే బరువు కాదు, లోపలి పరిమాణాన్ని కొలిచే లెక్క, సుమారు 27 అడుగులు దాటిన క్రూజింగ్ పడవలు చాలావరకు అందులోకి వస్తాయి. హెచ్1బి మీద ఉన్నవాళ్ళకి, గ్రీన్ కార్డు వాళ్ళకి తెలియాల్సింది ఏమిటంటే, డాక్యుమెంటేషన్ అమెరికా పౌరులకే. మిగతావాళ్ళు రాష్ట్రం రిజిస్ట్రేషన్ మీద పడవ ఉంచుకోవచ్చు. కొనబోయే పడవ ఇప్పటికే కోస్ట్ గార్డ్ రికార్డుల్లో ఉంటే దాన్ని అక్కడ రద్దు చేయించాకే రాష్ట్రం టైటిల్ వస్తుంది, ఈ కాగితానికి పట్టే సమయం బేరంలో లెక్కలోకి రావాలి. ఉచిత పడవల్లో కొన్నింటికి అసలు టైటిలే ఉండదు. అలాంటిది రేపు అమ్మడం కాదు కదా, రిజిస్టర్ చేయించడమే కష్టం.

మేరీల్యాండ్‌లో వాడే పడవకి కొన్నప్పుడు 5 శాతం ఎక్సైజ్ పన్ను ఉంది. నడపడానికి కారులాంటి లైసెన్స్ లేదు, కానీ 1972 జూలై 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు ఆ రాష్ట్రంలో బోటింగ్ సేఫ్టీ కోర్సు సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోవాలి. అది భద్రతా నియమాల కోర్సు, తెరచాప నడపడం నేర్పదు. దానికి ఏఎస్ఏ 101 అనే ప్రాథమిక సెయిలింగ్ కోర్సు లాంటి శిక్షణ వేరు.

## సొంతంగా, అద్దెకి, ఇద్దరు కలిసి

పైన వేసిన 6,800 డాలర్ల లెక్కనే తీసుకుంటే, అలాంటి పడవ రోజుకి 300కి అద్దెకి దొరికేచోట 22 రోజుల దాకా అద్దే చౌక. సెయిలింగ్ క్లబ్బుల వాదన అదే: రంగు వేయక్కర్లేదు, చలికాలం బెంగ లేదు. సొంత పడవ పక్షాన చెప్పేవాళ్ళు రోజుల లెక్కనే ఒప్పుకోరు. అద్దె పడవని సాయంత్రం ఆరింటికి తిరిగి అప్పగించాలి, గాలి బాగున్న క్షణాన అది ఖాళీగా ఉండాలి, మీ దుప్పట్లూ పోపుల డబ్బా అందులో ఉంచుకోలేరు. పడవ మీద చేసే పని కూడా వాళ్ళకి కాలక్షేపంలో భాగమే, ఖర్చు పద్దు కాదు.

ఇద్దరు మిత్రులు కలిసి కొనడం మధ్యే మార్గం. ఖర్చు 3,400కి దిగుతుంది. గొడవలు డబ్బు దగ్గర కన్నా జూలై 4 వారాంతం ఎవరిది, లంగరు పోగొట్టింది ఎవరు, ఒకరు ఊరు మారితే రెండోవాళ్ళు ఏ ధరకి కొనుక్కోవాలి అన్నచోట వస్తాయి. కాగితం మీద రాసుకున్న భాగస్వామ్యాలు ఎక్కువ కాలం నిలుస్తాయనేది సహజమే. ఇద్దరి పేర్లూ టైటిల్ మీద, ఇన్సూరెన్స్ మీద ఉండాలి, లేకపోతే ప్రమాదం జరిగిన రోజున నడుపుతున్నది ఎవరన్నది సమస్య అవుతుంది.

## అక్టోబర్‌లో తగ్గే ధర

సీజన్ ముగిసేసరికి ధరలు తగ్గుతాయి, ఏప్రిల్‌లో 14,000 అడిగినవాడు అక్టోబర్‌లో 12,500కి దిగుతాడు. కారణం పైన చూసిందే. ఒడ్డుకి తీయించడం, నిలబెట్టడం, యాంటీఫ్రీజ్, వసంతంలో రంగు, అమ్మేవాడు ఆ ఖర్చు తప్పించుకుంటున్నాడు. తగ్గిన 1,500 డాలర్లలో పెద్ద భాగం కొన్నవాడి చేతుల్లోంచి మార్చి లోపే వెళ్ళిపోతుంది. నిజమైన లాభం ఎవరికంటే, తీగలు మార్చడం, డెక్ బాగుచేయడం లాంటి పనులు ఎలాగూ చలికాలంలో పెట్టుకునేవాళ్ళకి. డిసెంబర్ దాకా ఆగితే ఇంకా తగ్గొచ్చు. అప్పటికి పడవ స్టాండ్ల మీద ఉంటుంది, ఇంజన్‌లో యాంటీఫ్రీజ్ ఉంటుంది, నీళ్ళలో నడిపి చూసే అవకాశం ఉండదు. అలాంటప్పుడు కొంత డబ్బు ఆపి, వసంతంలో ఇంజన్ నడిచాక చెల్లించే ఏర్పాటు ఒప్పందంలో రాయించుకునేవాళ్ళున్నారు. అమ్మేవాళ్ళలో కొందరు దీనికి ఒప్పుకుంటారు, కొందరు ఏప్రిల్‌లో రమ్మంటారు.